తలకాయ ఎవరి వాటా?

కుండ ఒకటే. తిన్నది నలుగురు. పడిపోయింది ఒక్కడు.

పడిపోయినవాడు ఒలానిరన్, పిండి మిల్లు యజమాని. ఆదివారం మధ్యాహ్నం తృప్తిగా తిని లేచాడు. గుమ్మం దాటకముందే కడుపు పట్టుకుని కూలబడ్డాడు. చీకటి పడేసరికి స్పృహ తప్పింది.

సోమవారం ఉదయం ఎనిమిదింటికి అతని భార్య అషాకే పోలీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని ఉంది. వడ్డించింది ఆమె. ఇంకేం కావాలి! ఊరంతా అప్పటికే తీర్పు చెప్పేసింది.

ఇన్‌స్పెక్టర్ ఒడెవాలేకి మాత్రం కాలు నిలవడం లేదు. కిటికీ దాకా వెళ్తాడు. వస్తాడు. మళ్లీ వెళ్తాడు.

ఫోన్ మోగింది. హాస్పిటల్ నుంచి డాక్టర్ ఎనిటాన్.

“విషమే ఇన్‌స్పెక్టర్ గారూ, అనుమానం లేదు. ఏ విషమో చెప్పండి. తెలియకుండా గుడ్డిగా ఎంతసేపని లాక్కురాను? మధ్యాహ్నం దాటితే మనిషి దక్కడు.”

ఫోన్ పెట్టేసరికి పై ఆఫీసర్ గుమ్మంలో ఉన్నాడు.

“ఆవిడ మీద కేసు రాసెయ్యి. సాయంత్రం కోర్టుకి పంపిద్దాం.”

“మధ్యాహ్నం దాకా ఆగండి సార్.”

“ఎందుకయ్యా?”

ఎందుకో ఒడెవాలేకే తెలియదు. ఏదో మింగుడు పడడం లేదు. అంతే.

ముందు అత్తగారిని లోపలికి పిలిచాడు. ఆమె కూర్చోకముందే మొదలుపెట్టింది.

“నా కొడుకుని పొట్టన పెట్టుకుంటోంది సార్ ఆ మహాతల్లి!”

“నిన్న ఏం వండింది?”

“పెండలం ముద్ద. ఒకేటె కూర.”

ఒకేటె అంటే పిల్లి అంత ఉండే అడవి ఎలుక. ఆ వీధిలో ఆదివారం పూట దాని వాసన రాని ఇల్లుండదు.

“మీరూ తిన్నారా?”

“నేనూ తిన్నాను, నా చిన్నాడూ తిన్నాడు, అదీ తింది. మాకు చీమ కుట్టినట్టయినా లేదు. అంటే వాడి పళ్లెంలోనే కలిపిందన్న మాటేగా?”

“ఎందుకు కలుపుతుంది?”

“నాలుగు రోజుల కిందట మొగుడితో యుద్ధం. విషం, విషం అని అరవడం నా చెవులారా విన్నాను. ఇంకా ఎందుకంటారేమిటి! నే పోవాలి బాబూ. మనవణ్ణి పక్కింటి పిల్లకి అప్పగించి వచ్చాను.”

ఆమె వెళ్లిపోయింది. తర్వాత ఒలానిరన్ తమ్ముడు లాడిపో వచ్చాడు. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“మీ అన్నయ్య పళ్లెంలో వేరే ఏమైనా ఉందా?”

“అదే కూర సార్. తలకాయ తప్ప.”

“తలకాయ?”

“తలకాయ ఇంటి పెద్దది కదా సార్. దాన్ని కూరలో వెయ్యరు. నిప్పుల మీద కాల్చి విడిగా పెడతారు. అన్నయ్య దాన్ని కొరుకుతూ వదినని మెచ్చుకున్నాడు కూడా. ‘పల్లీలు కూడా కూరావే, భలే ఉంది’ అన్నాడు.”

మూల కూర్చున్న సార్జెంట్ సుంకన్మి చివ్వున తలెత్తాడు. ఒడెవాలేని అతను ‘ఓగా’ అంటాడు, అంటే అయ్యగారూ అని. “దొరికింది ఓగా! పల్లీల్లో కలిపేసింది!”

అషాకే లోపలికి వచ్చింది. రాత్రంతా ఏడ్చిన మొహం. గొంతు మాత్రం గట్టిగానే ఉంది.

“ఒకేటె ఎక్కడ కొన్నావమ్మా?”

“వేటగాడి దగ్గర.”

“అబద్ధం. పొద్దున్నే అతన్ని అడిగాం. ఈ వారం నీకు అమ్మనే లేదన్నాడు.”

ఆమె కొంగు వేలికి చుట్టుకుంది.

“తలకాయలో పల్లీలు కూరావా?”

“లేదు సార్! మా ఇంట్లో పల్లీలే ఉండవు. మా డారేకి పడవు, ఒళ్లంతా దద్దుర్లొస్తాయి. ఏడాదిన్నర పిల్లాడు, కనిపించిందల్లా నోట్లో పెట్టుకుంటాడు. అందుకే గింజ కూడా తెచ్చుకోం.”

“మరి మీ ఆయన తిన్నదేమిటి?”

“నాకేం తెలుసు? అత్తయ్య ముందు మెచ్చుకున్నాడు కదా అని ఊరుకున్నాను.”

“విషం గురించి గొడవ?”

“అది నిజమే. కొట్టుగది నిండా ఎలుకలు సార్. బస్తాలు కొరికేస్తున్నాయి. పడుకుంటే కప్పు మీద ఒకటే పరుగులు. ఈయన ఎలుకల మందు ప్యాకెట్ పట్టుకొచ్చాడు. నడక నేర్చే పిల్లాడున్న ఇంట్లో మందేమిటని లాక్కుని మరుగుదొడ్డి గోతిలో పారేశాను. ఇంకెప్పుడూ తేనని పిల్లాడి నెత్తి మీద చెయ్యి పెట్టి ఒట్టేశాడు. సరే, నేను బోను పెడతానన్నాను.”

“పెట్టావా?”

ఆమె ఈసారి తల వంచుకుంది.

ఒడెవాలే కిటికీ దగ్గరికి నడిచాడు. టైమ్ పది దాటింది. ఒట్టేసినవాడు స్పృహలో లేడు. ఒట్టు వేయించుకున్నది అబద్ధం చెబుతోంది. లేని పల్లీలు తలకాయలోకి ఎలా వచ్చాయి?

“ఓగా, ఊఁ ఊఁ ఊఁ…” వెనక నుంచి సుంకన్మి ఏదో అన్నాడు.

“ముందు మింగి మాట్లాడవయ్యా!”

“మింగేవి కావు ఓగా. బుగ్గన దాచుకున్నాను.” ఎడమ బుగ్గ ఉబ్బి ఉంది. చేతిలో వేయించిన పల్లీల పొట్లం. “ఇంటికి వెళ్లేదాకా నెమ్మదిగా నములుకోవాలిగా.”

ఒడెవాలే ఆ బుగ్గకేసి చూశాడు. చూస్తూనే ఉన్నాడు. పాపం, సుంకన్మి భయపడి మింగేశాడు.

“అషాకే! ఆ ఒకేటె నీ బోనులోనే పడింది కదూ?”

ఆమె భోరుమంది.

“వేటగాడు రాలేదు సార్. అత్తయ్య వచ్చి కూర్చుంది. ఆదివారం పూట ఆకుకూర పెడితే ఊరుకుంటుందా? చూస్తే బోనులో ఇది. రోకలితో ఒక్కటి వేశాను. ఇళ్ల మధ్య, మరుగుదొడ్డి చుట్టూ తిరిగే ఒకేటెని మా ఇంట్లో ఎవరూ ముట్టరు. తెలిస్తే నా పరువు వీధిలో పెట్టేది. అందుకే కొన్నానని చెప్పాను.”

“బోను ఎక్కడ పెట్టావు?”

“కొట్టుగదిలో.”

“దాని బుగ్గలు కోసి చూశావా?”

“బుగ్గలా?” ఆమె తెల్లబోయింది. “ఎప్పుడూ వేటగాడే శుభ్రం చేసి, పొగబెట్టి ఇస్తాడు. నేను కొయ్యడం ఇదే మొదలు. బొచ్చు కాల్చాను, పేగులు తీశాను. అంతే.”

“పిల్లాడు ఇప్పుడెక్కడున్నాడు?”

“ఇంట్లో, అత్తయ్య దగ్గర. ఆ కొట్టుగదిలోనే బస్తాలెక్కి ఆడుకుంటూ…”

“జీపు తియ్యి!” ఒడెవాలే అప్పటికే మెట్లు దిగిపోతున్నాడు. “సుంకన్మీ, ఆవిణ్ణి ఎక్కించు!”

దారంతా హారన్ మీద నుంచి చెయ్యి తియ్యలేదు. మేకలు చెదిరిపోయాయి. అరటిపళ్ల గంప ఒకటి దొర్లింది. గంప తాలూకు మనిషి తిట్టిన తిట్లు ఏడు తరాల దాకా వెళ్లాయి.

అరుగు మీద అత్తగారు ఇరుగుపొరుగుకి కోడలి కథ చెబుతోంది.

“పిల్లాడేడీ?”

“లోపల. ఆడుకుంటున్నాడు. ఏమైంది?”

కొట్టుగది తలుపు దగ్గరగా వేసి ఉంది. ఒడెవాలే భుజంతో తోశాడు. బస్తాలు. ఖాళీ బోను. చివరి బస్తా వెనక నుంచి రెండు చిన్న పాదాలు బయటికి కనిపిస్తున్నాయి.

డారే చతికిలబడి కూర్చుని ఉన్నాడు. ముందు ఒక డబ్బా మూత. పిడికిలి నోటి దగ్గరికి వెళ్తోంది.

ఒడెవాలే ఆ చెయ్యి పట్టేశాడు. వేళ్లు విప్పాడు. రెండు పల్లీలు. బూడిద పూసినట్టున్నాయి. పిల్లాడి నోట్లో వేలు పెట్టి చుట్టూ తిప్పాడు. ఏమీ లేదు. వాడు ఏడుపు లంకించుకున్నాడు. అంత హాయిగా వినిపించిన ఏడుపు ఒడెవాలే తన సర్వీసులో వినలేదు.

అషాకే కొడుకుని లాక్కుని నీళ్లతొట్టి దగ్గరికి పరిగెత్తింది. ఆ చేతిని కడిగింది, కడిగింది, ఎర్రగా కందేదాకా కడిగింది.

కప్పు దూలం మీద సగం వాడిన ఎలుకల మందు ప్యాకెట్ దొరికింది. ఒడెవాలే ఫోన్‌లో దాని మీదున్న పేరు అక్షరం అక్షరం చదివాడు. డాక్టర్ ఎనిటాన్ రెండోసారి అడగలేదు.

మంగళవారం సాయంత్రం ఒలానిరన్ దిండుకి చేరగిలబడి ఉన్నాడు. మనిషి సగమయ్యాడు కానీ బతికాడు. మంచం చుట్టూ తల్లి, తమ్ముడు. గోడ పక్కన డారేని చంకనెత్తుకుని అషాకే. ఇప్పటికీ అత్తగారు ఆమెకేసి చూడడం లేదు.

“ఒకేటెకి బుగ్గల్లో సంచులుంటాయి,” అన్నాడు ఒడెవాలే. “మా తాత వేటగాడు. ముందు ఆ సంచులు కోసి దులిపేవాడు. అది దొరికింది దొరికినట్టు తినదు. బుగ్గల్లో కుక్కుకుని బొరియకి మోసుకుపోతుంది. మీ కొట్టుగదిలో పల్లీలు కుక్కుకుంది. ఆశ చావక బోనులోకీ దూరింది. అందుకే ఒళ్లు శుభ్రం, తలకాయ నిండా మందు. తలకాయ ఎవరి వాటా?”

లాడిపో నోరు తెరిచి అన్నకేసి చూశాడు.

“అయితే ఆ పల్లీలకి మందు పూసి పెట్టిందెవరు?” తల్లి గొంతు పెంచింది. “అదేగా?”

ఒడెవాలే మంచం పక్కనున్న బల్ల మీద డబ్బా మూత పెట్టాడు. అంచున నల్లటి జిడ్డు అంటుకుని ఉంది.

“మిల్లులో వాడే గ్రీజు డబ్బాది.”

ఒలానిరన్ కళ్లు మూసుకున్నాడు.

“నేనే,” అన్నాడు. “బోనుతో ఎన్నాళ్లకి తీరుతుంది అనుకున్నాను. రెండో ప్యాకెట్ తెచ్చాను. చివరి బస్తా వెనక పెట్టాను… పిల్లాడికి అందదనుకున్నాను.”

“అందింది,” అన్నాడు ఒడెవాలే. “పిడికిట్లో రెండు గింజలున్నాయి.”

ఒలానిరన్ వెక్కి వెక్కి ఏడ్చాడు. తల్లి కొంగు నోట్లో కుక్కుకుంది. కాసేపటికి కోడలి దగ్గరికి వెళ్లి, “కూర్చోమ్మా, పొద్దున్నించీ నిలబడే ఉన్నావు” అని స్టూలు జరిపింది. అషాకే కూర్చోలేదు.

మంచం మీద నుంచి ఒలానిరన్ చెయ్యి లేచింది. డారే నెత్తి వైపు చాచాడు.

“అషాకే, ఇంకెప్పుడూ తేను. వీడి మీద…”

ఆమె పిల్లాణ్ణి రెండో చంకలోకి మార్చుకుంది.

“ఒట్టు వెయ్యకు,” అంది.