మెట్ల పక్క స్తంభం

మహాలయ అమావాస్య… మిట్టమధ్యాహ్నం పన్నెండు గంటలు!

సముద్రం మీంచి లేచిన వాయుగుండపు మబ్బు హార్బరును, డాల్ఫిన్ కొండను, రైలు పట్టాలను ఒక్కొక్కటిగా మింగుతూ వచ్చి కంచరపాలెం మీద కూర్చుంది. పట్టపగలే కటిక చీకటి! యార్డులో ఆగిన గూడ్సు పెట్టె మీద ఒక గుడ్లగూబ వాలి, పగలని కూడా చూడకుండా మూడుసార్లు కూసింది. ఉరిమింది… ఆ ఉరుము వెనకే మరో ఉరుము. రెండోది ఆకాశంలోది కాదు… భూమి మీదిది!

మా బావ వరహాలు కట్టిన మూడంతస్తుల మేడ కూలిపోయింది.

నా పేరు గురునాథరావు. పూర్ణా మార్కెట్ దగ్గర సిమెంటు, ఇనుము అమ్ముతాను. ఏ మాట చెబితే లాభం, ఏ మాట దాస్తే నష్టం రాదు అని తూచకుండా నోరు తెరిచిన రోజు నా బతుకులో లేదు. ఎనభై మూడులో ఆ అమావాస్య నాడు, అలా తూచి దాచిన ఒక్క మాట నా గొంతులో ఎముకలా అడ్డం పడింది.

నేను రిక్షా దిగేసరికి ఇటుక దుమ్ము వానలో తడిసి నెత్తుటి కాలువలా పారుతోంది. మేడ ముందు సగం నేలమట్టం. వెనక సగం మాత్రం మెట్ల పక్కనున్న ఒక్క స్తంభాన్ని పట్టుకుని, పోట్లాటకు తలవంచిన దున్నపోతులా ముందుకు వాలి నిలబడింది. మొదటి అంతస్తు స్లాబు ఒక కొస నేల మీద, ఒక కొస ఆ స్తంభం మీద. ఆ స్లాబు కింద వంటగది. వంటగదిలో నా చెల్లెలు గౌరీశ్వరి!

ఆ మేడలో అప్పటికి కాపురమున్నది వాళ్ళిద్దరే. పై అంతస్తులు స్టీలు ప్లాంటు పనివాళ్ళకు అద్దెకిద్దామని వరహాలు ఉద్దేశం. ఇంకా తలుపులు కూడా బిగించలేదు. ఆ వేళ బజారుకెళ్ళి బతికిపోయాడు.

"బావా! మీ సెల్లి లోపలుండిపోనాది బావా! పిలిత్తే పలికింది!" అంటూ నా కాళ్ళు చుట్టేశాడు.

వంగి సందులో చెవి పెట్టాను. చీకట్లోంచి సన్నగా గౌరి గొంతు.

"అన్నియ్యా… కాలు ఇరుక్కుపోనాది… కదలనేకపోతన్నాను…"

"నానొచ్చీసాను తల్లీ! బెంగెట్టుకోకు!"

రెండు చేతులా ఇటుకలు లాగబోయాను. ఎవరో నా చొక్కా పట్టి వెనక్కి ఈడ్చారు.

"ఒక్క ఇటుక తీశారంటే ఆవిణ్ణి మీ చేత్తో మీరే చంపినట్టు!"

ఆయన భీమశంకరరావు. కృష్ణా జిల్లా మనిషి, ఓడరేవులో ఇంజనీరు. కూలిన గోదామునో ఒరిగిన గోడనో చూసి, అది ఎందుకు పడిందో, మిగిలింది ఎలా నిలబెట్టాలో చెప్పడం ఆయన పని. ఫైరింజను వాళ్ళు కబురు పెడితే వచ్చాడు. పరుగెత్తలేదు, కేకలు వెయ్యలేదు. ముందు మేడ చుట్టూ ఒకసారి నడిచాడు. ఏ ముక్క ఎటు పడిందో చూసి సున్నంతో గుర్తులు పెట్టించాడు. స్లాబు అంచు నుంచి దారానికి గుండు వేలాడదీశాడు. పగుళ్ళకు అడ్డంగా సన్నటి గాజు ముక్కలు అతికించాడు.

"ఇదేటి సార్? గాజు ముక్కల్తో మేడ నిలబెట్టేత్తారేటి?" వరహాలు ఏడుస్తూనే వెక్కిరించాడు.

"నిలబెట్టవయ్యా, కబురు చెబుతాయి. గాజు పగిలిందంటే స్లాబు ఇంకా కదులుతోందని." ఆయన మెట్ల పక్క స్తంభం దగ్గరికి వెళ్ళి అరచేత్తో తట్టాడు. "ఇదొక్కటే నిటారుగా ఉంది. రైల్వే యార్డు నుంచి చెక్క స్లీపర్లు, మా దగ్గర్నుంచి జాకీ వస్తున్నాయి. దీన్ని దన్ను చేసుకుని స్లాబు నాలుగంగుళాలు లేపితే చాలు. అమ్మాయిని లాగేస్తాం."

వరహాలు నా వైపు చూశాడు. నేను వరహాలు వైపు చూశాను. ఆ స్తంభం కడుపులో ఏముందో అక్కడున్న గుంపులో మా ఇద్దరికే తెలుసు.

అంతకు ఏడాదిన్నర ముందు, మేడ మొదలుపెట్టిన కొత్తలో, పరంజా విరిగి తవిటమ్మ అనే తట్టలు మోసే కూలీ పడి చనిపోయింది. మర్నాటి నుంచి నెలల తరబడి ఒక్క కూలీ రాలేదు. ఆ తావు నెత్తురు రుచి మరిగిందన్నారు. అప్పుడు వరహాలు ఎలమంచిలి అవతల నుంచి సూరన్నను తెచ్చాడు. సూరన్న క్షుద్రోపాసకుడు. రెప్ప వెయ్యని కళ్ళు, మెడలో ఎముకల దండ, ఒంటి నుంచి శ్మశానపు బూడిద వాసన!

కూలీలు ఎవరూ లేని మిట్టమధ్యాహ్నం మెట్ల పక్క స్తంభంలో సగం దాకా మా ఇద్దరిచేతా కాంక్రీటు పోయించాడు. నల్లకోడి మెడ పళ్ళతో కొరికి ఆ నెత్తురు లోపలికి వదిలాడు. ఎర్రగుడ్డ కట్టిన కుండ మూత తీశాడు. కుండలో… కపాలం! కుంకుమ పులిమిన మనిషి పుర్రె!

"దీని నెత్తిన మేడ ఎడతన్నాను. ఇదే మోత్తాది. ఎయ్యేళ్ళు మోత్తాది!"

కుండ దిగడానికి ఊచల చుట్టూ బిగించిన ఇనప రింగులు అడ్డొచ్చాయి. కోసెయ్యమన్నాడు. వరహాలు రంపం పెట్టి నాలుగు రింగులు కోశాడు. పన్నెండంగుళాల స్తంభంలో తొమ్మిదంగుళాల కుండ! చుట్టూ మిగిలేది ఎంతో ఇనుము అమ్మేవాడికి ఒకరు చెప్పాలా? తెలిసీ ఊరుకున్నాను. కాదంటే బావతో చెడుతుంది. పని ఆగితే నా సరుకు కదలదు. నోరు మూసుకుంటే నాకు పోయేదేమీ లేదనుకున్నాను.

సూరన్న మా ఇద్దరి నాలుకల మీదా కోడి నెత్తురు రాశాడు.

"ఈ మాట నోరు దాటిందా… సెప్పినోడి తోడబుట్టింది నెత్తురు కక్కుకుని సత్తాది!"

నాకు తోడబుట్టింది గౌరి ఒక్కతే.

ఇప్పుడు చెబితే శాపం గౌరిని తింటుంది. చెప్పకపోతే స్లాబు తింటుంది. ఎన్నిసార్లు తూచినా రెండు పళ్ళేల్లోనూ నా చెల్లెలే ఉంది!

"ఏమండీ, ఏదో చెప్పబోయారు?" ఇంజనీరు నా మొహంలోకి చూశాడు.

"ఏటీ లేదు సార్."

సరిగ్గా అప్పుడే గుంపు రెండుగా చీలింది. నల్లటి పంచె, నుదుట రూపాయంత బొట్టు… అమావాస్య పూజకని ఊళ్ళోకొచ్చిన సూరన్న!

"ఆగండి! ఆ స్తంభం మీద సెయ్యి ఏసినోడు మాడి మసయిపోతాడు! అది నా కట్టు!"

వరహాలు వాడి పాదాల మీద పడ్డాడు. గుంపులో సగం మంది దణ్ణాలు పెట్టారు. స్లీపర్లు మోసుకొచ్చిన మనుషులు వాటిని అక్కడే పడేసి వెనక్కి జరిగారు. ఇంజనీరు బతిమాలాడు, కోప్పడ్డాడు. ఒక్కరూ కదల్లేదు. సూరన్న పక్కింటి చూరు కింద నిప్పుల్లో ఎండుమిరపకాయలు పోసి హుంకరిస్తుంటే, వాన కుండపోతగా కురుస్తుంటే, ఒక గంట… పూర్తిగా ఒక గంట నేను రాయిలా నిలబడి ఉన్నాను.

టప్!

మొదటి గాజు ముక్క పగిలింది. స్లాబు కింద గౌరి కెవ్వున అరిచింది. ఆ అరుపు మధ్యలో తెగి… మారిపోయింది! బొంగురు గొంతు… చుట్ట పొగకు పాడైన ముసలి గొంతు!

"దించండి బావూ…!"

గుంపు మొత్తం ఒక్కడుగు వెనక్కి వేసింది.

"ఎవులైనా ఓ సెయ్యి ఎయ్యండి బావూ… బతికినన్నాళ్ళూ తట్టలు మోసాను. సచ్చినాక మేడ మోయిత్తన్నారు… మెడలిరిగిపోతన్నాయి… ఇంక మొయ్యనేను. దించండి!"

నెత్తిన బరువున్న మనిషి తనంతట తాను దించుకోలేదు. దించమని అడిగితే దారిన పోయేవాడైనా ఆగి చెయ్యి వెయ్యాలి. పగవాడైనా వేస్తాడు. మా వైపు కూలీలకు అంతకు మించిన ధర్మం లేదు. గుంపులోంచి నారాయణమ్మ అనే ముసలి కూలీ గుండెలు బాదుకుంటూ ముందుకొచ్చింది.

"ఓలమ్మో! ఇది మా తవిటమ్మ గొంతు! గొయ్యి తెరిసుంటే నక్కలనుకున్నాం! ఒరే సూరన్నా, పాతిపెట్టిన దాని తలకాయ్ నువ్వు తవ్వీసినావేట్రా, కుక్కా?"

సూరన్న మొహం తెల్లబోయింది. ఆ పుర్రె ఎవరిదో నాకు తెలిసింది అప్పుడే!

"సార్!" నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. "ఆ స్తంభం డొల్ల సార్! లోపల కుండుంది! నాలుగు రింగులు కోసీసాం!"

అనేశాను. ఆకాశం బద్దలైనట్టు ఉరిమింది. గౌరి నెత్తురు కక్కే చప్పుడు కోసం చెవులు రిక్కించాను.

 ఇంజనీరు సుత్తి తీసుకుని స్తంభాన్ని కింది నుంచి పైకి కొడుతూ పోయాడు. ఖణ్… ఖణ్… ఖణ్… బొద్! ఆయన ఛాతీ ఎత్తున చప్పుడు మారింది. అక్కడ పైన పూసిన గిలాబు ఊడదీస్తే ఊచలు గంప అల్లినట్టు బయటికి ఉబ్బి ఉన్నాయి. ఆయన గబగబా వెనక్కొచ్చాడు.

"జాకీ వద్దు. స్లీపర్లు అమ్మాయి పక్కన అడ్డంగా ఒక వరస, నిలువుగా ఒక వరస పేర్చుకుంటూ రండి. స్తంభం దగ్గరికి ఎవరూ పోవద్దు. అది ఎంతసేపు ఉంటుందో నాకు తెలీదు."

"గంట ముందు సెప్పుంటే…" అన్నాను.

"వరస పూర్తయ్యేదండీ" అన్నాడు, నా వైపు చూడకుండా.

నారాయణమ్మ మొదటి స్లీపరు కొస పట్టుకుంది. ఆవిడను చూసి మగవాళ్ళు సిగ్గుపడి కదిలారు. చెక్కలు లేస్తున్నాయి… స్లాబుకూ చెక్కలకూ మధ్య ఇక జానెడు ఖాళీ! అప్పుడు పోలీసు ఒకడు సూరన్న భుజం మీద చెయ్యి వేశాడు. శ్మశానం తవ్విన సంగతికి రుజువు ఆ కుండలో ఉంది. వాడి విద్యంతా ఆ కుండలోనే ఉంది. సూరన్న పోలీసును తోసేసి, గునపం లాక్కుని మెట్ల వైపు దూకాడు.

"నా కపాలం నాకు కావాల! హ్రీం… కపాలినీ… హుం ఫట్!"

"ఆపండి వాణ్ణి!" ఇంజనీరు మొదటిసారి అరిచాడు.

గునపం దెబ్బ పడింది. పెంకు చిట్లిన చప్పుడు. స్లాబు కింద నుంచి ఆ బొంగురు గొంతు, ఈసారి ఎంతో నెమ్మదిగా…

"ఒచ్చావా సూరన్నా? నీ కోసమే సూత్తన్నాను. ఇదిగో… ఎత్తుకో!"

స్తంభం నుసైపోయింది! మేడ వెనక సగం బరువంతా ఆ మూల మీదికి దిగింది. ఆ కొస కిందికి పడుతుంటే, స్లాబు నడుమ స్లీపర్ల వరస మీద ఆనుకుని త్రాసులా తిరిగింది. అటు పళ్ళెం కిందికి… ఇటు పళ్ళెం పైకి! గౌరి కాలు మీది కొస జానెడు లేచింది.

"లాగండి!"

నలుగురం లాగాం. గౌరి బయటపడింది. మా వెనక మిగిలినదంతా కూలింది.

ఆ శిథిలాల అడుగు నుంచి సూరన్న గొంతు మూడుసార్లు వినపడింది. మంత్రం కాదు.

"దించండి! దించండి! దించండ్రా…!"

ఎవరు దించగలరు? అది వంద మంది మోసినా కదలని బరువు. మూడోసారి తర్వాత వాన చప్పుడు తప్ప ఏమీ లేదు.

వారం రోజుల తర్వాత ఇంజనీరు తన నివేదిక రాసి నాకు విడమరిచి చెప్పాడు. ఒక స్తంభం కుంగితే దాని వంతు బరువు పక్కవాటి మీద పడుతుంది, అవి తమ వంతుకు మించి మోసి విరుగుతాయి, అందుకే డొల్లది నిలబడి గట్టివి ముందు పోయాయి అన్నాడు. నాలుగు రింగులు ఉండి, కుండ లేకపోతే ఆ మేడకు ఏమయ్యేది కాదన్నాడు.

"మరి ఆ గొంతు సార్?"

కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "అది నేను రాయలేదండీ."

గౌరి నెత్తురు కక్కుకోలేదు. శాపం సూరన్నతోనే పోయిందని వరహాలు కొబ్బరికాయలు కొట్టాడు. కానీ ఆస్పత్రి మంచం మీద, కాలికి కట్టుతో, గౌరి పది రోజులు మెతుకు ముట్టలేదు, మాట్లాడలేదు. పదకొండో రోజు నా చెయ్యి పట్టుకుంది.

"అన్నియ్యా… తవిటమ్మని దించీసారా?"

నేను కంచరపాలెం పరుగెత్తాను. మేడ ఉన్న చోట నేల చదునుగా ఉంది. సూరన్న శవాన్ని తీశారు గానీ పుర్రె ఎవరికీ కనపడలేదు. శిథిలాలు లారీల్లో వెళ్ళిపోయాయి. మా వ్యాపారంలో కూలిన ఇంటి రాయీరప్పా వృథా పోదు, కొత్త ఇళ్ళ పునాదులు పూడ్చడానికి వాడతారు. మెట్ల మూల శిథిలాలు తోలిన లారీ డ్రైవరును పట్టుకున్నాను.

"ఏ ఇల్లని సెప్పమంటారు బావూ? తొమ్మిది లోడ్లు తోలాను. తొమ్మిది ఇళ్ళ కాడ దింపాను."

తొమ్మిది ఇళ్ళకూ తిరిగాను. అప్పటికే పైన గచ్చు చేసేశారు. కొన్నిటికి గోడలు నా నడుము ఎత్తు లేచాయి. ఎవరి గచ్చు తవ్వమనను? ఏమని చెప్పి తవ్వమనను? ఒక యజమాని అయితే నన్ను పిచ్చివాడనుకుని, మంచినీళ్ళిచ్చి పంపించాడు.

చీకటి పడకముందే ఆస్పత్రికి తిరిగొచ్చాను. గౌరి గుమ్మం వైపే చూస్తోంది.

"దించీసాం తల్లీ" అన్నాను. "మట్టిలో ఎట్టీసి, పసుపు కుంకం సల్లీసాం. ఇంక నువ్వు బువ్వ తిను."

గౌరి మెల్లగా మంచం మీద లేచి కూర్చుంది. రెండు చేతులూ తల మీదికెత్తి, కనపడని తట్టను సర్దుకుంటున్నట్టు పట్టుకుంది. మెడ నరాలు తాళ్ళలా బిగిశాయి. నా కళ్ళలోకి చూసింది.

"అబద్దవాడకు బావూ" అంది, ఆ బొంగురు గొంతుతో. "మళ్ళీ ఎత్తీసినారు."