కొత్త పవర్ సప్లై మీద పడ్డ నింద

గుంటూరు అరండల్‌పేటలో డిటెక్టివ్ మహిమ ఆఫీసు మేడ మీద ఉంది. మెట్లెక్కి వచ్చిన కౌసర్ కుర్చీలో కూర్చోలేదు. తలుపు రెక్క పట్టుకుని నిలబడి, తన వెనకాల ఎవరూ రాలేదని తేల్చుకున్నాకే నోరు విప్పింది.

"మా ఆయన మనిషిని చంపాడంటున్నారు మేడం. ఊళ్లోవాళ్లు కొట్టి, పోలీసులకు పట్టించారు. జైల్లో పెట్టారు. కొట్టు తగలబెట్టారు. పిల్లల్ని మా అమ్మగారింట్లో దాచి వచ్చాను."

మహిమ సహాయకుడు ఏసుబాబు మంచినీళ్లు తెచ్చిచ్చాడు. కౌసర్ భర్త పీరు పర్చూరు దగ్గర ఒక పల్లెలో కంప్యూటర్లు బాగుచేస్తాడు. ఆ ఊరి రైతు చెంచురామయ్య చిన్నకొడుకు కోటేష్ బ్యాంకు పరీక్షలకు చదువుకుంటున్నాడు. అతని కంప్యూటర్ మాటిమాటికీ ఆరిపోతుంటే, పీరు వెళ్లి లోపలి పవర్ సప్లై డబ్బా మార్చాడు. మర్నాడు సందెవేళ కోటేష్ ఆ కంప్యూటర్ మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి వేసినట్టే ఉంది. కరెంటు షాకు!

"మా ఆయన నాసిరకం డబ్బా పెట్టాడనీ, దాంట్లోంచి కరెంటు బయటికొచ్చిందనీ ఊరంతా ఒకటే మాట. అంతకుముందు రోజే మార్చాడు గదా, ఇంకెవరు వింటారు మా మాట?"

మహిమ అంతా విని, "పాత డబ్బా ఎక్కడుంది?" అంది.

"కొట్టు కాలుతుంటే నేను తెచ్చుకున్నది అదొక్కటే," అంటూ కౌసర్ చేతిసంచీలోంచి మసిబారిన ఇనప డబ్బా తీసి బల్ల మీద పెట్టింది.

మహిమ ఒకప్పుడు బీమా కంపెనీ తరఫున అగ్నిప్రమాదాలు పరిశోధించేది. కరెంటు వస్తువులు విప్పడం ఆమెకు కొత్త కాదు. మరలు తీసి లోపలికి చూపించింది. చిన్న చిన్న కండెన్సర్లు తలలు ఉబ్బి, జిగురు కారి ఉన్నాయి.

"పీరుకి పని తెలుసు ఏసుబాబూ. మార్చాల్సిందే మార్చాడు. పద."

చెంచురామయ్య ఇంటి వెనక కళ్లంలో మిరపకాయలు ఎర్రగా పరిచి ఉన్నాయి. కాయలు తిరగేసేవాళ్లు లేక ఒకవైపు బూజు పడుతున్నాయి. ఆ ఘాటుకు ఏసుబాబు తుమ్మాడు. చావు ఇంట్లో తుమ్మానే అని నొచ్చుకున్నాడు.

కౌసర్ పంపిందని తెలియగానే కోటేష్ అన్న శివరామకృష్ణ గుమ్మానికి అడ్డం నిలబడ్డాడు. "మీకిక్కడేం పనండీ? పోలీసులు చూసుకున్నారు."

లోపలి నుంచి చెంచురామయ్య గొంతు వినిపించింది. "రానివ్వరా. నా బిడ్డ ఎట్టా పోయాడో ఎన్నిసార్లయినా చూడనీ. చేసినోడెవడో తేలాల, వాడు ఉరికంబం ఎక్కాల."

కంప్యూటర్ కోటేష్ గదిలోనే ఉంది. మహిమ ముందు టెస్టర్‌తో ప్లగ్గు పెట్టే చోటు చూసింది. తర్వాత పీరు బిగించిన పవర్ సప్లైని బయటికి తీసి, దాని ఆకుపచ్చ తీగనూ నల్లతీగనూ ఒక చిన్న తీగముక్కతో కలిపి, అది విడిగా నడిచేలా చేసి స్విచ్చి వేసింది. లోపలి ఫ్యాను తిరిగింది. మీటరు పెట్టి ఒక్కో తీగా చూసింది. అన్నింట్లోనూ రావాల్సినంతే వస్తోంది. చివరికి స్విచ్చి ఆపేసి, లీకేజీ చూసే మీటరును కరెంటు పిన్నుకూ ఇనప డబ్బాకూ తగిలించింది.

"చూడు," అంది మెల్లగా. "ఒక్క చుక్క కూడా బయటికి కారడం లేదు."

"మరి ఆ కుర్రాడు?" అన్నాడు ఏసుబాబు.

మహిమ అన్నీ తిరిగి బిగించి, వంటింటి దగ్గరకు వెళ్లింది. కోటేష్ తల్లి సుబ్బరావమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది.

"అమ్మా, ఆ సాయంత్రం ఇంట్లో ఇంకే వస్తువైనా షాకు కొట్టిందా?"

"ఫ్రిజ్జి తలుపు తీస్తే చెయ్యి జిల్లుమందమ్మా. ఆ మాట చెప్దామని వాణ్ణి పిలిచాను. అప్పుడే చేలోంచి వచ్చి కాళ్లు కడుక్కున్నాడు. తడికాళ్లతోనే గదిలోకి పోయాడు. పలకలేదు."

"మీ కాళ్లకు చెప్పులున్నాయా?"

"ఇంట్లో వేసుకునే రబ్బరు చెప్పులు."

మహిమ ఇంటి వెనక్కి నడిచింది. నేలంతా ఎండకు నెర్రెలు విచ్చి ఉంది. గోడ పక్కన ఎర్తు పైపు పాతిన గుంట మాత్రం తడిగా, ఉప్పు చారలతో ఉంది. పైపు మీద గీత గీసినట్టు సన్నటి కాలిన మచ్చ. దాని పక్కనే, కళ్లం చుట్టూ పాతిన వెదురు కర్రల్లో ఒకటి ఒరిగిపోయి ఉంది. ఏసుబాబు కర్రల్ని తడిమాడు. ప్రతిదానికీ ఒకే ఎత్తులో ఒరుసుకుపోయిన సన్నటి గాడి తగిలింది.

"ఇన్ని కాయలున్నాయి గదండీ, పందులు పడి తొక్కవా? కాపలా ఎవరు?" అని మహిమ చెంచురామయ్యను అడిగింది.

"కాపలా ఎందుకమ్మా? నేనే ఏర్పాటు…"

"నేనుంటున్నాను," అని శివరామకృష్ణ మధ్యలో అందుకున్నాడు. తండ్రి అయోమయంగా కొడుకు వైపు చూశాడు.

వాకిట్లోకి వచ్చాక శివరామకృష్ణ మహిమ దగ్గరకు వచ్చి గొంతు తగ్గించాడు. "మేడం, ఇంతటితో వదిలెయ్యండి. మీకు దణ్ణం పెడతాను."

"జైల్లో ఉన్నవాణ్ణి కూడా వదిలెయ్యమంటారా?"

అతను తల దించుకున్నాడు. ఏసుబాబుకు అప్పటిదాకా ఆ మనిషి మీద అనుమానం పెరుగుతూ వచ్చింది. ఆ ముఖం చూశాక అనుమానం ఉంది గానీ, కోపం నిలవలేదు.

మహిమ కౌసర్‌ను పిలిపించి, అందరినీ కోటేష్ గదిలో కూర్చోబెట్టింది.

"పీరు పెట్టిన పవర్ సప్లైలో ఏ లోపమూ లేదు," అని మొదలుపెట్టింది. "కోటేష్ కంటే ముందే అమ్మగారికి ఫ్రిజ్జి షాకు కొట్టింది. ఫ్రిజ్జి రేకునూ కంప్యూటర్ రేకునూ కలిపేది ఒక్కటే, ఎర్తు తీగ. ఏదైనా తేడా వస్తే కరెంటును భూమిలోకి పంపాల్సిన తీగ అది. ఆ రోజు అదే బయటి నుంచి ఇంట్లోకి కరెంటు తెచ్చింది. కళ్లం చుట్టూ కర్రలకు తీగ ఉండేది. తీగకు కరెంటు ఉండేది. కర్ర ఒరిగి తీగ ఎర్తు పైపు మీద పడింది. గుంట తడిగా ఉంటే చాలావరకు భూమిలోకి దిగిపోయేది. కానీ అది ఎండిపోయింది. నీళ్లూ ఉప్పూ తర్వాత పోశారు. తీగ విప్పిందీ తర్వాతే."

చెంచురామయ్య లేచి నిలబడ్డాడు. "తీగ విప్పారా? ఎవరు విప్పారు? వాడు పోయిన్నాటి నుంచీ నేను కళ్లం మొహమే చూళ్లేదు. పందులకని ఆ తీగ కట్టింది నేను. రోజూ పొద్దుగూకేటప్పుడు స్విచ్చి వేసేది…"

మాట అక్కడే ఆగిపోయింది.

"నేనే విప్పాను నాన్నా," అన్నాడు శివరామకృష్ణ. "తమ్ముణ్ణి ఎత్తుకుని లేచినప్పుడు కిటికీలోంచి చూశాను, తీగ పైపు మీద పడుంది. నువ్వు తట్టుకోలేవని విప్పేశాను. ఊళ్లోవాళ్లు పీరు పేరు ఎత్తారు. నేను కాదనలేదు."

"నీకు తెలిసే ఆ పిల్లోణ్ణి కొట్టనిచ్చావట్రా?" అంది సుబ్బరావమ్మ. ఆమె గొంతులో ఏడుపు లేదు. అందుకే ఏసుబాబుకు భయం వేసింది.

చెంచురామయ్య తూలుతూ వెళ్లి కౌసర్ కాళ్ల మీద పడబోయాడు. ఆమె గబుక్కున కాళ్లు వెనక్కి తీసుకుంది.

"వద్దు బాబాయి గారూ. మా ఆయన్ని ఇంటికి పంపించండి. నాకదే కావాలి."

తండ్రీకొడుకులు స్టేషనుకు బయల్దేరారు. కొడుకు బండి తీస్తానంటే తండ్రి వినిపించుకోలేదు. పైపంచె కూడా వేసుకోకుండా రోడ్డున పడి నడిచాడు. శివరామకృష్ణ బండి అక్కడే వదిలి వెనకాలే నడిచాడు. మహిమ కౌసర్‌ను తీసుకుని కారు దగ్గరకు వెళ్లింది. మహిమ ముఖంలో గెలిచిన కళ ఏ మూలా లేదు.

ఏసుబాబు మీటర్లు సర్దుకుంటుంటే సుబ్బరావమ్మ గుమ్మంలో నిలబడి అడిగింది. "ఆ పెట్టె ఇప్పుడు పనిచేస్తదా నాయనా?"

"చేస్తుందమ్మా. దాంట్లో ఏ తప్పూ లేదు."

"మా వాడి ఫొటోలన్నీ అందులోనే ఉన్నాయి. ఒక్కసారి చూపిస్తావా?"

ఏసుబాబు టెస్టర్‌తో మళ్లీ ఒకసారి చూసుకుని బటన్ నొక్కాడు. ఫ్యాను తిరిగింది. తెర వెలిగింది. ఆమె దగ్గరకు రాలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని దూరం నుంచే ఆశగా చూసింది. తెర మీద కోటేష్ పేరు, దాని కింద ఖాళీ గడి వచ్చి ఆగిపోయాయి.

"ఏందయ్యా అది?"

"పాస్‌వర్డ్ అడుగుతోందమ్మా."

"అది వాడికే తెలుసు," అంది సుబ్బరావమ్మ.