పూజగదిలో సముద్రం

మాఘ పౌర్ణమి నాడు తెల్లవారగానే బుల్లెమ్మ అలిగింది. అలక ఆవిడకు కాఫీ లాంటిది, పొద్దున్నే ఒకసారి పడకపోతే రోజు గడవదు.

“ఊరంతా సూర్యలంక పోయి సముద్రంలో మునిగొస్తంది. నాకు మాత్రం ఈ బోరు నీళ్ళే గతి,” అంది అరుగు మీద మోకాళ్ళు పట్టుకుని కూర్చుని.

“నెల్లాళ్ళుగా సముద్రం మీదే ఉండొచ్చిందిగా మీ మనవరాలు. దాన్నడగండి అత్తమ్మా,” అంది సుబ్బరత్నం, పెనం మీద పెసరట్టు తిరగేస్తూ.

తువ్వాలు భుజాన వేసుకుని స్నానానికి పోతున్న లిఖిత ఆ మాట విని నవ్వింది. “డబ్బా నిండా సముద్రమే తెచ్చా నాయనమ్మా! నీకెంత కావాలో చూసుకో,” అనేసి తలుపు వేసుకుంది.

ఆ అమ్మాయి చేసే ఉద్యోగం గురజాలలో ఎవరికీ సరిగ్గా తెలియదు. ఓడ మీద వెళ్ళి, సముద్రంలో రకరకాల లోతుల నుంచి నీళ్ళు తోడి, వాటిలో మీథేన్ అనే వాయువు ఎంత కరిగి ఉందో కొలవడం ఆమె పని. ఓడ చెన్నై రేవుకు చేరాక, నీళ్ళ సీసాల పెట్టెతో హైదరాబాదు ల్యాబుకు బయలుదేరింది. దారిలోనే కదా అని జీపు డ్రైవరు రాత్రి ఆమెను ఇంటి దగ్గర దింపి, తను దాచేపల్లిలో అక్కగారింటికి వెళ్ళాడు. పెట్టె మాత్రం లిఖిత తనతోనే ఉంచుకుంది. చల్లగా, చీకటిగా ఉండే చోటు కోసం ఇల్లంతా వెతికి, పూజగదిలో దేవుడి మందిరం వెనక పెట్టింది.

“ఏముందే అందులో?” అని అప్పుడే అడిగాడు తండ్రి హనుమయ్య.

“నీళ్ళు నాన్నా.”

“నీళ్ళకింత జాగ్రత్తేంది?”

“అదంతా చెప్పినా మీకర్థం కాదులే,” అని ఆవలించి పడుకుంది.

హనుమయ్య ఇంకేమీ అడగలేదు. ఆయన చాదస్తాలు ఆయనకున్నాయి. మిరప తోటకు కొట్టే మందు డబ్బా ఏదీ ఆ ఇంటి గుమ్మం దాటదు. గొడ్ల చావిడి వెనక రేకుల గదిలో, తాళం కింద ఉంటుంది. కొత్త డబ్బా వస్తే ఇంటిల్లిపాదినీ పిలిచి, “ఇదిగో, దీన్ని ముట్టుకోవద్దు,” అని చూపించాకే తాళం వేస్తాడు. కొడుకు వెంకటేష్‌కు పెళ్ళయి కోడలు హరిత కాపురానికి వచ్చిన మర్నాడు, ఆ పిల్లకు ఇల్లు చూపించకముందే రేకుల గది చూపించాడని ఇప్పటికీ చెప్పుకుని నవ్వుతారు.

స్నానం ముగించి లిఖిత పూజగదిలోకి వెళ్ళింది. జీపు వచ్చేలోగా సీసాలు ఒకసారి చూసుకుందామని పెట్టె మూత ఎత్తింది. వరుసలో ఒక గుంట ఖాళీగా ఉంది.

ఆమె మందిరం వెనకా, చాప కిందా, దీపారాధన పళ్ళెం పక్కనా వెతికింది. సీసా ఎక్కడా లేదు. అరుగు మీదకు పరుగెత్తింది.

“నాయనమ్మా, పెట్టెలో సీసా ఎవరు తీశారు?”

“నేనే తీశా. చూసుకోమన్నావుగా,” అంది బుల్లెమ్మ సంబరంగా. అలక ఎప్పుడో తీరిపోయింది. “దేవుడి దగ్గర పెట్టుంటే నాకోసమే తెచ్చావనుకున్నా. సూదిమందు బుడ్డికుండే రేకు మూతే దానికీ. నా గోళ్ళకు రాలా. హరితకిచ్చా.”

“వదినకా? ఎందుకు?”

“ఆస్పత్రికి పోతందిగా, నర్సమ్మ చిటికెలో తీసిద్దని. నాలుగు చుక్కలు నెత్తిన చల్లుకొని, ఓ గుక్క తీర్థం పుచ్చుకోమన్నా. లోపలి బిడ్డక్కూడా పుణ్యమే.”

లిఖిత గోడ పట్టుకుంది. హరితకు ఏడో నెల. స్కానింగ్ కోసం పిడుగురాళ్ల బస్సెక్కి వెళ్ళింది. వెంకటేష్ మిరపకాయల లోడుతో గుంటూరు యార్డుకు పోయాడు.

“నాయనమ్మా... అందులో విషం ఉంది.”

చావిడి వైపు నుంచి వస్తున్న హనుమయ్య చేతిలోని గోనెపట్టా జారిపోయింది. “ఏందీ?”

“పాదరసం మందు నాన్నా. నీళ్ళలో కంటికి కనపడని జీవాలుంటాయి. అవి బతికుంటే మేం కొలవాల్సిన గ్యాసును తినేస్తాయి. అందుకని నీళ్ళు పట్టగానే మందు చుక్కలు వేసి చంపేస్తాం.”

“విషాన్ని తెచ్చి దేవుడి దగ్గర పెట్టావా? అడిగితే నీళ్ళన్నావా?” ఆయన గొంతు వీధి చివరి దాకా వినపడింది.

“మీకర్థం కాదని...”

“విషమంటే అర్థం కాదటే మాకు?” సుబ్బరత్నం పొయ్యి దగ్గర నుంచి లేచి వచ్చింది. “పుట్టిన కాడి నుంచీ పురుగుమందుల మధ్య బతుకుతున్నాం. ఆ ఒక్క మాటా చెప్తే చాలదా?”

బుల్లెమ్మ ఎవరి వంకా చూడటం లేదు. సీసా అందించిన తన కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, దాన్నే చూసుకుంటోంది. “నా చేత్తోనే ఇచ్చానయ్యా,” అంది చాలా మెల్లగా.

బస్సు రొదలో వినపడటం లేదో ఏమో, హరిత ఫోను మోగుతోంది గానీ ఎత్తడం లేదు. రెంటచింతల నుంచి అదే బస్సులో వచ్చిన వాళ్ళమ్మ ఫోను స్విచ్చాఫ్. హనుమయ్య అప్పటికే బండి బయటికి తీశాడు. లిఖిత తడిజుట్టుతోనే వెనక ఎక్కింది.

దారి పొడవునా ఆమె ఫోను చేస్తూనే ఉంది. మోగి మోగి ఆగిపోయిన ప్రతిసారీ మళ్ళీ నొక్కింది. ఆ మందు మూత్రపిండాలను ఏం చేస్తుందో, కడుపులో బిడ్డను ఏం చేస్తుందో ఆమెకు పాఠంలా వచ్చు. ఓడలో మొదటి చుక్క వేయకముందే అందరినీ పిలిచి ఆ పాఠం చెప్పింది. వంటమనిషిని కూడా కూర్చోబెట్టి, అర్థమైందా అని రెండుసార్లు అడిగింది. ఇంట్లో మాత్రం ఆవలించి పడుకుంది.

“నాన్నా, వదినకేమన్నా అయితే...”

“నోర్ముయ్,” అన్నాడు హనుమయ్య. దాచేపల్లి దాటాక ఆయనే, గాలికి సగం కొట్టుకుపోతున్న గొంతుతో, “కొత్తకోడలికి ముందు రేకుల గదెందుకు చూపించానో తెలుసా? పరాయి పిల్ల గదా, తెలీక ముట్టుకుంటదని భయపడ్డా. సొంత కూతురి గురించి భయపడాలని నాకు తట్టలేదే అమ్మాయ్,” అన్నాడు.

సున్నపు బట్టీల పొగ కనపడింది. పిడుగురాళ్ల వచ్చేసింది.

ఆస్పత్రి వరండాలో బెంచీల మీద హరిత లేదు. మందుల కిటికీ దగ్గర వాళ్ళమ్మ కనిపిస్తే హనుమయ్య అటు పరుగెత్తాడు. లిఖిత స్కానింగు గది వైపు వెళ్ళింది. తలుపు మూసి ఉంది. పక్కనే చెత్తబుట్టలో, పైపైనే, రేకు మూత ఊడదీసిన గాజుసీసా ఒకటి పడి ఉంది.

లిఖిత వంగి దాన్ని తీసింది. కన్నీళ్ళలో దాని మీది అక్షరాలు కుదురుగా కనపడలేదు. ఎట్లాగో చదివింది. ఏదో సూదిమందు పేరు. తమ సీసా కాదు. అయినా ఏడుపు ఆగలేదు. తలుపు మీద రెండు చేతులతో బాదింది.

తలుపు తెరుచుకుని పొట్ట పట్టుకుంటూ హరితే వచ్చింది. “లిఖితా? ఏందమ్మా, ఏమైంది? నాయనమ్మకేమన్నా...”

“వదినా, తాగావా? ఆ నీళ్ళు తాగావా?”

హరిత తెల్లబోయింది. సంచిలోంచి స్టీలు టిఫిను గిన్నె తీసి మూత విప్పింది. అందులో తడి చేతిరుమాలు, రుమాల్లో చుట్టిన సీసా ఉన్నాయి. రేకు మూత చెక్కుచెదరలేదు.

“నర్సు తీసిస్తానంది. నేనే వద్దన్నా. రాత్రి నువ్వు మీ సారుతో ఫోన్లో అంటన్నావుగా, ఎండ తగలకూడదు, గాలి బుడగ చేరితే పనికిరాదని. నాయనమ్మ అంత సంబరంగా ఇస్తే కాదనలేకపోయా. నీకిచ్చేద్దామంటే స్నానాల గదిలో ఉన్నావు, అంతలో బస్సొచ్చింది. ఎండ తగలకుండా ఇట్టా పెట్టుకొచ్చా. ఏమన్నా పాడైందా?”

లిఖిత తల అడ్డంగా ఊపింది.

“అందులో ఏముందో నాకు తెలీదు లిఖితా. నెల్లాళ్ళు నీళ్ళ మీద తిరిగి తెచ్చుకున్నావు, నిన్నడక్కుండా విప్పడం తప్పనిపించింది. అంతే.”

లిఖిత అక్కడే, వరండాలో అందరూ చూస్తుండగా, వదిన భుజం మీద తల పెట్టి వెక్కి వెక్కి ఏడ్చింది. వెనక నుంచి వచ్చిన హనుమయ్య టిఫిను గిన్నెనూ కోడలినీ మార్చి మార్చి చూసి, తలపాగా కొసతో కళ్ళు తుడుచుకుంటూ బెంచీ మీద కూలబడ్డాడు.

ఇంటికి వచ్చేసరికి బుల్లెమ్మ ఆ అరుగు మీదే ఉంది. మంచినీళ్ళు కూడా ముట్టలేదట. హరిత ఆటో దిగి నడిచి రావడం చూసి, లేవలేక, చేతులు చాచింది. దగ్గరికొచ్చిన మనవడి పెళ్ళాం పొట్ట తడిమి, మొహం తడిమి, “తల్లీ, తల్లీ,” అంటూ ఉండిపోయింది.

లిఖిత పూజగదిలోంచి పెట్టె తెచ్చి అరుగు మీద పెట్టింది. అమ్మను పిలిచింది. నాన్నను పిలిచింది. హరితను కుర్చీలో కూర్చోబెట్టి, తను నాయనమ్మ కాళ్ళ దగ్గర కింద కూర్చుంది.

“ఇదిగో, దీన్ని ముట్టుకోవద్దు,” అంది. పెట్టె మూత మీద చెయ్యి వేసింది. “ఇందులో విషం ఉంది. ఎందుకుందంటే... నాయనమ్మా, సోడాలో గ్యాసుంటది కదా, కనపడదు గానీ మూత తీస్తే బుస్సుమంటది. సముద్రం అడుగున కూడా ఒక గ్యాసుంది. అది నీళ్ళలో కరిగి పైకొస్తంటది. గాల్లో ఎక్కువ కలిస్తే ఎండలు ఇంకా ముదురుతాయి. అందుకే అదెంతుందో కొలుస్తాం.”

“మన రెంటచింతల ఎండలకన్నానా?” అంది బుల్లెమ్మ, కళ్ళు తుడుచుకుంటూ.

అందరూ ఒక్కసారిగా నవ్వారు. ఆ నవ్వులోనే సుబ్బరత్నం కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

వీధిలో జీపు హారను మోగింది. లిఖిత లేవబోయింది. పొద్దున సీసా అందించిన చేత్తోనే ముసలావిడ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

“కాసేపు ఆగుద్దిలే జీపు. చెప్పవే, ఆ గ్యాసు సంగతి మొత్తం చెప్పి పో.”