కుడిచేతి పుట్టుమచ్చ

"గిటార్ తిరగేసి పట్టుకున్నారేంటండీ?"

ఫిల్మ్ నగర్‌లోని రిహార్సల్ హాల్లోకి అడుగుపెడుతూనే లీల అన్న మొదటి మాట అది. నమస్కారం లేదు, పేరు అడగడం లేదు.

ఆమె ఒక మ్యూజిక్ డైరెక్టర్ దగ్గర గిటార్ వాయిస్తుంది. రాబోయే పాటలో హీరోగారు గిటార్ వాయించాలి. ఆయనకు గిటార్ పట్టుకుని నవ్వడం వరకే వచ్చు. అందుకని క్లోజప్‌లో కనిపించే చేతులు ఇంకొకరివి పెట్టారు. ఆ చేతులు ట్యూన్‌కి సరిగ్గా పడుతున్నాయో లేదో చూసిరమ్మని లీలను పంపించారు.

ఆ చేతులు రఘునందన్‌వి. మధురానగర్ కుర్రాడు, డాన్స్ మాస్టర్ మంజులత దగ్గర అసిస్టెంటు. నేల మీద కాళ్ళు నిలవని మనిషి, గిటార్ పట్టుకుంటే మాత్రం బుద్ధిమంతుడైపోతాడు.

"తిరగేసుడేంది మేడమ్? గిదే కరెక్ట్."

"మీరు ఎడమచేతి వాటమా?"

"కాదు. కుడిచేత్తోనే తింట, కుడిచేత్తోనే రాస్త."

"మరి ఇదేంటి?"

"మా టీచర్ గిట్లనే వాయిస్తది."

"ఎవరా మహాతల్లి?"

రఘు ముఖం వెలిగిపోయింది. ఈ ప్రశ్న కోసమే పుట్టినట్టు గిటార్ పక్కన పెట్టి సర్దుకుని కూర్చున్నాడు.

"ఆన్‌లైన్‌ల నేర్చుకున్న మేడమ్. 'ఆరో తీగ' అని ఒక చానల్ ఉంది. ఆమె ముఖం చూపియ్యదు, మాట్లాడదు. మెడ కింది నుంచి గిటార్, రెండు చేతులు, గంతే. కింద అక్షరాలొస్తయి, 'తొందర లేదు, ఇంకోసారి' అని. మొదలువెట్టే ముందు గిటార్ మీద టక్ టక్‌మని కొడతది. ఉంగరం వేలి మీద గింత పుట్టుమచ్చ. ఆ వేళ్ళు చూస్తుంటే నాకు అన్నం గుర్తుకు రాదు."

లీల చప్పున ఎడమచేతిని చున్నీలో దాచుకుంది.

ఎందుకంటే ఆరో తీగ ఆమెదే. వెంగళరావు నగర్‌లో, తన గదిలో తలుపేసుకుని తీసే వీడియోలు అవి. నాన్న సూర్యప్రకాశరావుగారు వయొలిన్ విద్వాంసుడు. విద్య గురువు ఎదురుగా కూర్చుని నేర్చుకోవాలి తప్ప ఫోన్లో కాదనే మనిషి. ఆయన గుర్తుపడతారని ముఖం చూపించదు, గొంతు వినిపించదు. అయితే ఆరో తీగ టీచరుది ఎడమచేతి వాటం కాదు. మామూలు కుడిచేతి వాటం.

"ఆవిడ ఎడమచేత్తో తీగలు మీటుతుందా?" లీల జాగ్రత్తగా అడిగింది.

"అవ్. స్క్రీన్ మీద నాకు ఎడమ దిక్కు కనబడే చెయ్యి మీటుతది. నేను కూడ గదే చేసిన."

లీలకు అప్పుడు అర్థమైంది. డాన్స్ వాళ్ళు అద్దంలో చూసి నేర్చుకుంటారు. మాస్టర్ ఎదురుగా నిలబడి ఎడమచెయ్యి ఎత్తితే గుంపంతా కుడిచెయ్యి ఎత్తుతుంది. చిన్నప్పటి నుంచి అదే అలవాటైన ఈ మహానుభావుడు ఫోన్ తెరను కూడా అద్దమే అనుకున్నాడు.

"మరి తీగలు కిందామీదా అయిపోవాలిగా?"

"అయినయి. లావు తీగ పైకి ఉండాలె, నాది కిందికొచ్చింది. షాపోడు తప్పు బిగించిండనుకొని అన్నీ విప్పి నేనే మళ్ళ బిగించిన. ఫోన్ చేసి మస్తు తిట్టిన కూడ."

లీల చున్నీ నోట్లో కుక్కుకుంది. అయినా నవ్వు ఆగలేదు. చున్నీ జారింది, చెయ్యి బయటపడింది.

"అరె!" రఘు ముందుకు వంగాడు. "మీకు కూడ ఉంగరం వేలి మీద పుట్టుమచ్చ ఉంది!"

లీల చెయ్యి వెనక్కి లాక్కోబోయింది.

"కానీ మీది ఎడమచెయ్యి," అన్నాడు అతను నిట్టూర్చి. "మా టీచర్‌ది కుడిచెయ్యి. లేకపోతే పరేషాన్ అయ్యేటోణ్ణి. ఇంకోటి, ఆమె మీ లెక్క ఒర్రదు."

తాను అరుస్తుందట! అప్పటిదాకా ముద్దొచ్చిన మనిషి మీద లీలకు ఒక్కసారిగా ఒళ్ళు మండింది.

అంతలో మంజులత మాస్టర్ వచ్చింది. ఇద్దర్నీ చూసింది, గిటార్‌ను చూసింది, టీ తాగింది.

"హీరోది కుడిచేతి వాటం. షూటింగ్ లోపల వీడికి కుడివైపు నేర్పించమ్మా. రాకపోతే వేరే చేతులు చూసుకుంటాను," అనేసి వెళ్ళిపోయింది.

అలా రిహార్సల్స్ మొదలయ్యాయి.

డాన్స్ హాలు పద్ధతిలోనే ఇద్దరూ పక్కపక్కన, గోడంత అద్దానికి ఎదురుగా కూర్చునేవాళ్ళు. రఘు అద్దంలోకి చూసేవాడు. లీల అతని వేళ్ళను చూసేది. వేళ్ళనే చూడాలని గట్టిగా అనుకునేది.

"వేలు ఎత్తండీ! అది తీగా, బట్టలారేసుకునే తాడా?"

"జర నిమ్మలంగా చెప్పుండ్రి మేడమ్. మా టీచర్ అయితే..."

"మీ టీచర్ ఊసు మళ్ళీ ఎత్తారంటే ఈ గిటార్ మీ తల మీద వాయిస్తాను."

తన మీద తనే అసూయపడే ఆడపిల్లను మీరెప్పుడైనా చూశారా? అద్దంలో చూస్తే కనిపించేది. ఇంటికి వెళ్ళి కొత్త పాఠం పెట్టాలని కూర్చునేది, తన వేళ్ళు చూసి తనకే చిర్రెత్తేది. నిజం చెప్పేస్తే అతని మనసులోని ఆ మౌన దేవత మాయమైపోతుంది, మిగిలేది ఈ గయ్యాళి. చెప్పకపోతే ఆ దేవతే గెలుస్తుంది. రెండు విధాలా ఓడేది తానే. అతను తనకు కావాలి అన్న సంగతి అప్పటికి లీలకు బాగా తెలిసిపోయింది.

ఒకరోజు రఘు వాయించడం ఆపేశాడు. ముఖం వాడిపోయి ఉంది.

"మేడమ్, నాకు ఏదో అయింది. నిన్న ఆరో తీగ వీడియో చూస్తుంటే మీ గొంతు వినబడ్డది. 'వేలు ఎత్తండీ' అని."

"అయితే?"

"ఇంతకుముందు ఆమె ఎట్ల మాట్లాడతదో అని సౌండ్ మొత్తం పెంచి చెవి పెట్టేటోణ్ణి. ఇప్పుడు ఎట్ల ఊహించినా మీరే ఒర్రుతున్నరు. టీచర్‌కు అన్యాయం చేస్తున్ననా?"

లీల గుండె ఎగిరి గంతేసింది. నోరు మాత్రం, "శ్రుతి పోయింది, సరిచేసుకోండి," అంది.

మర్నాడు హాలు వేరే డాన్స్ గ్రూపుకిచ్చారు. ఇద్దరూ గిటార్లు పట్టుకుని పక్కనున్న క్యాంటీన్ వరండాలో చేరారు. అప్పుడే వాన అందుకుంది. జూబ్లీహిల్స్ నుంచి దిగివస్తున్న నీళ్ళు రోడ్డును కాలువ చేసేశాయి, ఆటోలు పడవల్లా వెళ్తున్నాయి. జల్లు పడని చోట రెండే కుర్చీలున్నాయి, మధ్యలో టీ బల్ల. ఎదురెదురుగా కూర్చోక తప్పలేదు.

వాన తగ్గేదాకా ఊరుకోలేక లీల గిటార్ ఒళ్ళోకి తీసుకుంది. అలవాటుగా వేలిముడులతో చెక్క మీద టక్ టక్‌మని కొట్టింది. తన మొదటి పాఠంలోని ట్యూన్ మొదలుపెట్టింది.

రఘు చేతిలోని టీ గ్లాసు అక్కడే ఆగిపోయింది.

"మేడమ్. గట్లనే ఉండుండ్రి. కదలకుండ్రి."

ఫోన్ తీసి కెమెరా ఆన్ చేశాడు. తెరలో ఒక గిటార్, రెండు చేతులు, మెడ దాకా ఒక మనిషి. మీటే చెయ్యి అతనికి ఎడమ దిక్కున ఉంది. పుట్టుమచ్చ కుడి దిక్కున ఉంది. అతను కళ్ళు మూసినా కనిపించే బొమ్మ అది.

ఫోన్‌ను నెమ్మదిగా పైకి ఎత్తాడు. ఇంతకాలం మెడ దగ్గర ఆగిపోయిన బొమ్మ గడ్డం దాకా వచ్చింది, పెదవుల దాకా వచ్చింది, భయంతో తడిసిన రెండు కళ్ళ దగ్గర నిలబడింది.

"నేను అద్దం అనుకున్న," అన్నాడు మెల్లగా. "నాకు కుడి అంటే మీకు ఎడమ."

లీల తల దించుకుంది. "చెప్పాలనే అనుకున్నానండీ. ఆవిడ అరవదు అన్నారు. నేను అరుస్తాను. మీకు ఆవిడే కావాలంటే నోరు మూసుకుని వాయిస్తాను, ప్రయత్నిస్తాను, కానీ ఎక్కువసేపు నావల్ల కాదు."

రఘు గట్టిగా నవ్వేశాడు. కుర్చీ వెనక్కి తూలింది, టీ ఒలికింది.

"సౌండ్ పెంచి పెంచి నా ఫోన్ స్పీకర్ పోయింది లీలగారూ! ఒర్రుండ్రి. మొత్తం ఒర్రుండ్రి. నాకు ఆ చేతులూ కావాలె, ఈ నోరూ కావాలె. మీరంటే నాకు మస్తు ఇష్టం."

లీల నోరు తెరిచింది. జీవితంలో మొదటిసారి అరవాలనిపించలేదు.

"అయ్యిందా?"

గొడుగు మడుస్తూ మంజులత మాస్టర్ మెట్లెక్కుతోంది. ఇద్దరూ లేచి నిలబడ్డారు.

"మాస్టర్, కుడిచెయ్యి ఇంకా రాలే," అన్నాడు రఘు. "నన్ను తీసేస్తరా?"

"ఎడిటింగ్ రూములో ఒక్క బటన్ నొక్కితే కుడి ఎడమై కూర్చుంటుందిరా. వేరే చేతులు దేనికి?"

"ఆ సంగతి మొదటిరోజే చెప్పొచ్చుగా మాస్టర్?" అంది లీల.

"నీకు తెలీదా?"

లీల చున్నీ అంచు మెలితిప్పింది. "తెలుసండీ."

రఘు ఆమె వైపు తిరిగాడు. "నాకు గూడ తెలుసు."

మంజులత మాస్టర్ ఇద్దరి వైపూ మార్చి మార్చి చూసింది. "ఏడ్చినట్టుంది మీ రిహార్సలు," అని, ముగ్గురికీ టీ చెప్పింది. "ముందు మీ నాన్నగారికి చెప్పమ్మా, ఆయన పట్టింపు నాకు తెలుసు. ఎదురుగా కూర్చునే నేర్చుకున్నాడని చెప్పు, అబద్ధమేం కాదు."

ఆ వారం ఆరో తీగలో కొత్త పాఠం వచ్చింది. మొట్టమొదటిసారి ముఖం కనిపించింది, గొంతు వినిపించింది. పక్క గదిలోంచి ఒక వయొలిన్ కూడా శ్రుతి కలిపింది. టక్ టక్ తర్వాత టీచరమ్మ నోట వచ్చిన తొలి పలుకు, "వేలు ఎత్తండీ!"

మధురానగర్‌లో ఒక అబ్బాయి ఫోన్‌కి కొత్త స్పీకర్ వేయించి, సౌండ్ మొత్తం పెంచి, ఎడమచేతి వాటం గిటార్ పట్టుకుని, ఉన్న వేళ్ళన్నీ ఎత్తేశాడు.