చూపు కలవని బేరం

2071లో కాకినాడ రేవులో చేపల వ్యాపారం చేసే నూకరత్నం చేతిలో ఉన్నవి ఇవి: ఒక ఐస్ బండి, మంచి వంజరం చేపలు తప్పకుండా తెస్తానని పెద్ద హోటల్‌తో ఒప్పందం, థైరాయిడ్ జబ్బుతో ముందుకు పొడుచుకొచ్చిన రెండు కళ్ళు. మొదటి రెండూ లాభం. మూడోది శుద్ధ నష్టం.

ఎందుకంటే అప్పటికి రేవులో వేలంపాట పాడే మనుషులు లేరు. చూపుపాట యంత్రం వచ్చింది. కొనేవాళ్ళు చేపల కుప్ప ముందు నిలబడితే చాలు. దాని సెన్సర్లు రెండు కళ్ళ చూపూ ఏ కుప్ప మీద కలుస్తుందో పట్టుకుంటాయి. కళ్ళు ఎంత విప్పారాయో కొలిచి, మనిషి ఆశకు తగ్గ ధర వేస్తాయి. మోసం లేదు, అరుపుల్లేవు. రత్నం కళ్ళు మాత్రం ఎప్పుడూ విప్పారే ఉండేవి. యంత్రం ఆమెను పరమ ఆశపోతుగా లెక్కేసి ప్రతి కుప్పకీ పైధర వేసేది. ఇలాగే సాగితే హోటల్ ఒప్పందం చేజారడం ఖాయం. అందుకే కంటిగూటిని వెడల్పు చేసే ఆపరేషన్ చేయించుకుంది.

కళ్ళు లోపలికి సర్దుకున్నాయి, పోటు తగ్గింది. కానీ ప్రతిదీ రెండుగా కనిపించసాగింది.

“గూడు వెడల్పయ్యాక కండరాలు లాగే తీరు మారిందమ్మా. కొందరికి ఇలా అవుతుంది. కుదురుకున్నాక సరిచేద్దాం,” అంది డాక్టర్ ఫర్హానా.

“అందాకా హోటలువాళ్ళు ఆగొద్దూ?” అంటూ రత్నం ఒక కన్ను మూసుకునే రేవుకు నడిచింది.

యంత్రం ముందు రెండు కళ్ళూ తెరవాలి. తెరిచింది. ఒక కుప్ప రెండయింది. లేని చేప మీద చెయ్యేయబోయి, పక్కనే చేపలు కొనడానికి నిలబడ్డ నాగమణి చెయ్యి పట్టుకుంది.

“ఏంటొదినా, నన్నే కొనేస్తావా?”

“నీకు ముళ్ళెక్కువే, నాకొద్దు.”

యంత్రం కాసేపు తడబడింది. “మీ చూపులు కలవడం లేదు. ఆశ కొలవలేను. ధర నోటితో చెప్పండి.”

రత్నానికి ప్రాణం లేచొచ్చింది. “ఇదా వంజరం? మొప్పలు పాలిపోయాయి. నిన్నటి సరుకు.”

“ఈ వేకువనే పట్టింది,” అంది యంత్రం.

“నువ్వు పడవలో ఉన్నావా?”

ధర దిగింది. బండి నిండింది.

నాలుగు రోజులు తిరిగేసరికి నాగమణితో సహా అందరూ చూపు కుప్ప మీద కలవకుండా తమ ముక్కు కొస చూసుకుంటూ పాటకు నిలబడ్డారు. యంత్రాన్ని తయారుచేసిన ఇంజనీరు రవివర్ధన్ పరుగున వచ్చాడు.

“ఒక్కరి చూపూ కలవడం లేదేంటి? అందరికీ ఒకేసారి కంటిజబ్బా?”

“జబ్బు కాదు సార్, బేరం,” అంది యంత్రం.

చేసేదిలేక అతను సెన్సర్లు తీసేసి, వాళ్ళ మాటలు విని బేరం నేర్చుకోమని యంత్రానికి ఆజ్ఞ ఇచ్చాడు.

కొన్ని నెలలకు ఫర్హానా ఆమె కంటి కండరాలు సరిచేసింది. రత్నానికి చేప ఒక్కటిగా కనిపించింది. మర్నాడు పొద్దున్నే, అందరికంటే ముందు రేవుకు వెళ్ళింది.

“ఈ కుప్పకి ఇందాకే ఒకాయన ఎక్కువిస్తానన్నారమ్మా,” అంది యంత్రం. “మీరు పాతవారని ఆపాను.”

రత్నం చుట్టూ చూసింది. రేవు ఖాళీ.

“ఏడీ ఆయన? పిలువు, నేనూ చూస్తాను.”

యంత్రం మెల్లిగా, “సరే, మీ మాటే కానివ్వండి,” అంది.

రత్నం పడిపడి నవ్వింది. అన్నీ పోను మిగిలింది చూసుకుంటే, ఒప్పందం నిలిచింది, రెండు కళ్ళకూ ఒకే లోకం దక్కింది. పైగా, అబద్ధమాడటం ఇప్పుడిప్పుడే నేర్చుకుంటున్న వ్యాపారి ఒకడు దొరికాడు.