కనిపించని తెల్ల కాలు

ఉదయం 7.40కి వర్క్‌షాపు తలుపు తీసిన ఊడ్చే ఆవిడకు మెట్ల కింద ఫిట్టర్ శవం కనిపించింది.

వెల్లకిలా పడి ఉన్నాడు. కళ్ళు తెరిచే ఉన్నాయి. తల వెనక రక్తం ఎండిపోయింది. కుడి మోకాలి కింద కృత్రిమ కాలు తగిలించే ఉంది.

8.15కి ఇన్‌స్పెక్టర్ వచ్చింది. వెంట హెడ్ కానిస్టేబుల్.

అక్కడ తయారయ్యేవి కాళ్ళే. పైకప్పు కింద కొక్కేలకు వరసగా వేలాడుతున్నాయి. ఫ్యాను గాలికి మెల్లగా ఊగుతున్నాయి. వందమంది గాల్లో నిలబడి కిందికి చూస్తున్నట్టుంది. హెడ్డు వెళ్ళి ఫ్యాను ఆపేశాడు. కాళ్ళు ఊగడం మాత్రం వెంటనే ఆగలేదు.

"ఇన్ని కాళ్ళున్నా ఒక్కటీ పారిపోలేదు మేడమ్" అన్నాడు. నవ్వు మాత్రం రాలేదు అతనికి.

గోడ మీద పెద్ద బోర్డు. మాతో నడిచినవారు: 11,408.

ఆ సంస్థ పెట్టిన డైరెక్టర్‌కు నలభై దాటలేదు. బయట కారు ఖరీదు చేసే కాలును అతను సైకిల్ ఖరీదుకు ఇస్తాడు. అది దానం కాదు, వ్యాపారమే. మిగిలినదంతా మళ్ళీ కాళ్ళ తయారీకే పోతుంది. ఈ సంగతి అతను ఎన్నో దేశాల వేదికల మీద చెప్పాడు. ఫిట్టర్ తన మొదటి ఉద్యోగి అని, ఇక్కడ తయారైన మొదటి కాలు వేసుకున్నదీ ఆయనేనని చెప్పాడు. మెట్లు దిగుతూ జారి ఉంటాడన్నాడు.

ఇన్‌స్పెక్టర్ శవం పక్కన కూర్చుని బెల్టు విప్పింది. గోధుమరంగు కాలు. పట్టుకోగానే జారి చేతిలోకి వచ్చేసింది. లోపల మొండి కాలి చర్మం చల్లగా, నున్నగా ఉంది. నోట్‌బుక్‌లో రాసుకుంది. అప్పటికి అందులో విశేషమేమీ తోచలేదు.

డాక్టర్ లెక్క ప్రకారం చనిపోయింది నిన్న సాయంత్రం ఆరుకూ ఎనిమిదికీ మధ్య. జారిపడ్డా ఇలాంటి దెబ్బే తగులుతుంది, తోసినా తగులుతుంది అన్నాడు.

ఆరు దాటాక లోపలున్నది ఫిట్టర్ కాక ముగ్గురు. ప్లాస్టర్ అచ్చులు పోసే ముసలి మేస్త్రి 6.05కి వెళ్ళానన్నాడు. కొలతలు తీసే ఆవిడ 6.20 అంది. డైరెక్టర్ 6.30 అన్నాడు. వెనక తలుపు తాళంచెవి ముగ్గురి దగ్గరా ఉంది. ఎవరి మాటకూ సాక్ష్యం లేదు.

11.30. ఫిట్టర్ ఇల్లు.

భార్య ఏడవడం లేదు. గుమ్మంలో కూర్చుని తీగ మీద బట్టల వైపు చూస్తోంది. తీగ మీద సంచుల్లాంటివేవో ఆరుతున్నాయి. తెల్లటి నూలువి. మడమ లేదు, వేళ్ళ చోటు లేదు.

"అవేంటమ్మా?"

"ఆయన మేజోళ్ళు. మొండి కాలికి తొడుక్కుంటాడు. పొద్దున ఒకటి, మధ్యాహ్నానికి రెండు, సాయంత్రానికి మూడు."

"అన్నెందుకు?"

"పొద్దు వాలేకొద్దీ కండ తగ్గుద్దమ్మా. కాలు వదులైపోద్ది. మేజోడు లేకుండా కాలు పెట్టుకుంటే గంటలో చర్మం ఊడొచ్చేస్తది. ఇన్నేళ్ళలో ఆయన ఒక్కరోజు కూడా అలా పెట్టుకోలేదు."

ఇన్‌స్పెక్టర్ తీగ దగ్గరే నిలబడిపోయింది. వేళ్ళకు ఆ నున్నటి చర్మం మళ్ళీ తగిలినట్టయింది.

ఫోన్‌లో ఆ కాలి ఫొటో చూపించింది. ఆవిడ చూసి తల అడ్డంగా ఊపింది. గోధుమరంగు కాలు పాతదట. రెండు నెలలుగా వర్క్‌షాపు కొక్కేనికే వేలాడుతోందట. కొత్త రకం తెల్ల కాలు తయారయ్యాక, జనం కంటే ముందు తానే తొడిగి చూడాలని ఆయన దాన్నే వాడుతున్నాడట. నిన్న ఇంట్లోంచి వెళ్ళింది ఆ తెల్ల కాలితోనే.

"వెళ్తూ ఏమైనా అన్నాడా?"

"ఆలస్యమవుద్దన్నాడు. మొహం అదోలా ఉంది. కాలు నొప్పా అన్నాను. నొప్పి నాకు కాదే, వాళ్ళకి అన్నాడు. వాళ్ళంటే ఎవరో చెప్పలేదు."

జీపు ఎక్కుతూ ఇన్‌స్పెక్టర్ అంది. "ఒకటి పారిపోయింది హెడ్డుగారూ."

మధ్యాహ్నమంతా వర్క్‌షాపులో వెతికారు. తెల్ల కాలు దొరకలేదు. రెండు నెలల్లో ఆ రకం కాళ్ళు ఎంతమంది తీసుకున్నారని కొలతల ఆవిడను అడిగితే ఆరువందల ముప్పై అని చెప్పింది. తాపీ పనివాళ్ళు, టీచర్లు, కూరలు అమ్మేవాళ్ళు. ఫిట్టర్ అన్న 'వాళ్ళు' వీళ్ళే అయ్యుండాలి. ఇప్పుడు కూడా ఎక్కడో మెట్లెక్కుతున్నారు, రోడ్లు దాటుతున్నారు. వాళ్ళ కాళ్ళకు ఏమైందో తెలిసిన మనిషి మార్చురీలో ఉన్నాడు. చెప్పగలిగిన కాలు మాయమైంది.

వర్క్‌షాపులో ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. కిర్రుమంటే చాలు, అందరూ మెట్ల వైపు చూస్తున్నారు.

4.10కి ముగ్గురినీ పిలిచింది.

మేస్త్రి ఫిట్టర్ మొండి కాలి ప్లాస్టర్ అచ్చు తెచ్చి బల్లకు బిగించాడు. జానెడు పొడవు, తెల్లగా. పక్కనే ఎప్పుడూ ఉండే సరంజామా. పౌడరు డబ్బా, బెల్టులు, మేజోళ్ళ బుట్ట.

గోధుమరంగు కాలు ఎంత బిగుతో చూడాలని చెప్పింది ఇన్‌స్పెక్టర్. ముందు మీరు తొడగండి అని డైరెక్టర్‌కు అందించింది.

అతను కాలు అందుకున్నాడు. అచ్చుకు తొడిగాడు. బెల్టు బిగించాడు. చెయ్యి తీయగానే కాలు లొటలొటలాడింది.

మేస్త్రి ఉండబట్టలేకపోయాడు. "మేజోడు వెయ్యకుండానా సార్?"

అన్నాక తానేమన్నాడో ఆయనకే అర్థమైంది. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు.

ఇన్‌స్పెక్టర్ నెమ్మదిగా చెప్పింది. ఫిట్టర్ ఆ కాలు తనంతట తాను పెట్టుకోలేదు. పడిపోయాక ఎవరో తగిలించారు. మేస్త్రికైనా కొలతల ఆవిడకైనా చెయ్యి ముందు ఆ బుట్టలోకే పోతుంది. రోజూ చేసే పని కదా. తగిలించింది కాళ్ళ గురించి అన్నీ తెలిసి, ఒక్కరికి కూడా తొడగని మనిషి.

"పదేళ్ళుగా సభల్లో చెబుతున్నారు. ఎప్పుడైనా ఒక్కరికి తొడిగారా?"

డైరెక్టర్ ఆ ప్లాస్టర్ అచ్చునే చూస్తున్నాడు.

"తెల్ల కాలు ఎక్కడుంది?"

అతను కుర్చీలో కూలబడ్డాడు. ఎవరినీ చూడకుండా మాట్లాడాడు.

"నా కారు డిక్కీలో. మేజోళ్ళు మూడూ దాంట్లోనే ఉండిపోయాయి. నేను చూసుకోలేదు. చీలమండ దగ్గర చీలిక ఉంది, వెంట్రుకంత. దాన్ని చూపించడానికే ఆయన కాలు విప్పాడు. ఖర్చు తగ్గుతుందని ఆ ప్లాస్టిక్ ఎంచుకున్నది నేనే. అందరికీ ఫోన్లు చేద్దాం, కాళ్ళు తీసెయ్యమందాం అన్నాడు. ఎల్లుండి బయటి దేశాల వాళ్ళు వస్తున్నారు, ఇంకో నాలుగు దేశాలకి ఈ కాలు తీసుకెళ్ళడానికి. రెండు రోజులు ఆగు అన్నాను. ఈ రెండు రోజుల్లో ఎవరెవరు పడతారో పేర్లు రాసివ్వు, ఆగుతాను అన్నాడు. ఒంటికాలి మీద గెంతుతూ ఫోన్ దగ్గరికి వెళ్ళాడు. తోసేశాను. తల ఇనప బల్లకి తగిలింది. వెంటనే పోలేదు మేడమ్. నన్నే చూస్తున్నాడు. అంబులెన్స్ పిలవాల్సింది. మెట్ల దగ్గరికి లాక్కెళ్ళి, కొక్కేనికున్న పాత కాలు తీసుకొచ్చాను. తొడుగుతుంటే కూడా చూస్తూనే ఉన్నాడు. బెల్టు బిగించాక చూడటం మానేశాడు."

జేబులోంచి ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు.

"ఆరువందల ముప్పై మందికి ఫోన్ చెయ్యమన్నాడు. నేను ఒక్కరికే చేశాను. ఇంటికి వెళ్ళగానే. మా నాన్నకి. ఆ తెల్ల కాలు వెంటనే తీసెయ్ నాన్నా, చేతికర్ర పట్టుకో, ఎందుకని అడక్కు అన్నాను."