ఆగని గాలిమర

పొద్దు కాస్త పైకెక్కితే చాలు, సఫియా బేగం వాకిట్లో గాలిమర రెక్కల నీడలు తిరగడం మొదలుపెడతాయి. పొయ్యి మీదుగా, బిందెల మీదుగా పాకి, గోడెక్కి దిగి మళ్లీ వస్తాయి. సఫియా వాటి కిందికి రాకుండా పక్కకు జరిగి రొట్టెలు చేస్తుంది. కూతురు ఫిర్దౌస్ నీడకూ నీడకూ మధ్య సందు చూసుకుని వాకిలి దాటుతుంది. ఐదు నెలలుగా ఆ ఇంట్లో అదే నడక.

లింగాల ఘనపూర్‌లో సఫియా భర్త, పరుపులు కుట్టే పీరాను ఎరగనివాళ్లు లేరు. కరెంటు ఉండీ లేక దూది ఏకే మిషన్ మూలన పడుతోందని, ఉన్న అరెకరం అమ్మి ఆ గాలిమర పెట్టించాడు. కంపెనీ ఐదేళ్ల వారంటీ కాగితం చేతిలో పెట్టింది. ఏడాది తిరక్కముందే పైన చప్పుడు మొదలైంది. ఎన్నిసార్లు ఫోన్ చేసినా ఎత్తిన పాపాన పోలేదు. కంపెనీ దివాలా తీసిందన్న సంగతి పాపం ఆయనకెవరు చెబుతారు? మే నెలలో ఒకరోజు తానే స్తంభం ఎక్కాడు. ఆగి ఉన్న రెక్కలు ఒక్కసారిగా తిరిగాయి. కింద పడ్డవాడు మళ్లీ లేవలేదు.

కంపెనీ చచ్చింది, మనిషి పోయాడు, గాలిమర మాత్రం తిరుగుతూనే ఉంది. బ్రేకు లేదు. మనిషిని తిన్న స్తంభం ఎక్కడానికి ఊళ్లో ఒక్కరూ ముందుకు రాలేదు.

రెక్కల్ని ఆపి ఉంచే బ్రేకు తాడును పీరా తానే కింద స్తంభానికి కట్టి ఎక్కాడని సఫియా పోలీసులకూ, మరుదులకూ చెప్పింది. అది నిజం కాదని ఫిర్దౌస్‌కు తెలుసు. కింద నిలబడి తాడు లాగి పట్టుకున్నది తనే. ఒక్క క్షణంలో చేతుల్లో బరువు పోయింది, తను వెల్లకిలా పడింది, అంతే గుర్తు. చెమటకు జారిందా? రెప్పపాటు ఏమరుపాటులో వదిలేసిందా? ఎంత తవ్వుకున్నా తెలియడం లేదు. రెక్కలు కిర్రుమన్నప్పుడల్లా "ఫిర్దౌసూ, గట్టిగ పట్టు బిడ్డా" అన్న బాపు గొంతు వినిపిస్తుంది. అమ్మకు తెలియదులే అన్నదొక్కటే ధైర్యం. అయినా అమ్మ ఐదు నెలలుగా తన ముఖంలోకి చూడటం లేదు.

"సఫియక్కా, రోడ్డు మీద వంటావార్పు ఉంది. బియ్యం పట్టుకొని రాండ్రి," అని పక్కింటి యాకయ్య కేకేశాడు. సకల జనుల సమ్మెతో బస్సులు, బడులు, కచేరీలు అన్నీ బందయి మూడు వారాలు దాటింది.

"మీరు పోండ్రన్నా. ఇయ్యాల మా ఇంటికి సారు వస్తుండు," అంది సఫియా.

ఆ సారు ప్రతాప్. మూతపడ్డ కంపెనీ వ్యవహారాలు చూడమని కోర్టు నియమించిన అధికారి పంపిన ఇంజనీరు. హన్మకొండ నుంచి మోటారు సైకిల్ మీద, నాలుగు చోట్ల రాస్తారోకోల్లో ఆగి ఆగి వచ్చాడు.

"కంపెనీయే లేదమ్మా. దాని వారంటీకి జవాబు చెప్పేటోడు లేడు. కాని బ్రేకు వేరే కంపెనీ చేసింది. దాని వారంటీని మా అధికారి కొన్నోళ్ల పేరు మీదికి మార్చిండు. బ్రేకుల లోపం ఉందని తేలితే, వాళ్లే వచ్చి దీన్ని ఆపాలె, బాగు చెయ్యాలె."

"బాగు చేసుడు సంగతి తర్వాత సారూ. ముందు అది ఆగాలె. దాని నీడ కింద నేను బతకలేకపోతున్న."

ప్రతాప్ ఫారం తీశాడు. "ఆ రోజు బ్రేకు తాడు ఎవరు పట్టుకున్నరు?"

"ఆయనే స్తంభానికి కట్టిండు," అంది సఫియా తడుముకోకుండా.

"అట్లయితే ముడి ఊడిందనే రాయాలె. అది బ్రేకు తప్పు కాదు. ఇగ ఎవరూ రారు."

వాకిట్లో నీడలు తిరుగుతున్నాయి. ఇంకెన్నాళ్లు? ఫిర్దౌస్ లేచి నిలబడింది.

"నేను పట్టుకున్న సార్."

"నోరు ముయ్యి!" సఫియా అరిచింది. "దానికేం తెల్వది సారూ, చిన్నపిల్ల."

"అమ్మా... నీకు తెల్సా?"

సఫియా కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "మిషన్ కాడ నిలబడి చూసిన. నువ్వు ఎన్కకు పడ్డవ్. తాడు కింద పడ్డది. నువ్వు మీ బాపు మీదికి ఉరికినవ్. నీ పేరు పోలీసోల్ల నోట్ల పడొద్దని తాడు దాచిన."

"నేనే వదిలిన అనుకున్నవా?"

తల్లి తల దించుకుంది. ఫిర్దౌస్‌కు ఆ ఐదు నెలలూ ఒక్కసారిగా అర్థమయ్యాయి. తలకు నూనె రాయని చేతులు, అటు తిరిగి పడుకున్న వీపు.

"తాడు పైనుంచి కింద పడ్డదా?" ప్రతాప్ గబుక్కున అడిగాడు. "మొత్తం తాడా? ఎక్కడున్నదమ్మా?"

సఫియా లోపలికి వెళ్లింది. తాను రోజూ పడుకునే పరుపును ఈడ్చుకొచ్చి, కత్తెరతో కుట్లు పరపరా కోసింది. దూదిలోంచి తాడు చుట్ట బయటపడింది. దాని కొసన, కొక్కేనికి తగులుకుని విరిగిన ఇనుప ముక్క ఉంది.

ప్రతాప్ దాన్ని ఎండలో అటూ ఇటూ తిప్పాడు. "ఇది బ్రేకు పిన్ను. చూడుండ్రి, విరిగిన కాడ సగం మెరుస్తుంది, సగం నల్లగున్నది. ఆ నలుపు పాత పగులు. పగిలిన పిన్నునే బిగించి పంపిన్రు. చెయ్యి వదిలితే తాడు స్తంభానికే ఏలాడేది. ఇది పైన తెగింది. ఈ పిల్ల జాగల పహిల్వాన్ ఉన్నా ఆగకపోయేది."

ఫిర్దౌస్‌కు ఏడుపు వచ్చింది. బాపును మోసుకెళ్లిన రోజు కూడా రాని ఏడుపు. సఫియా నేల మీద కూర్చుని కూతుర్ని ఒళ్లోకి లాక్కుంది. వాళ్లిద్దరి మీద నీడ పడుతూ పోతోంది, పడనీ అనుకుంది.

"నిన్ను కాపాడుతున్న అనుకున్న బిడ్డా. నీ మీద బండ పెట్టి, పైన నేనే కూసున్న. నన్ను మాఫ్ చెయ్యి."

"నాకే నమ్మకం లేకుండె అమ్మా. నీకెట్ల ఉంటది?"

ప్రతాప్ కలం తీసి మెల్లగా అడిగాడు. "బ్రేకు పట్టుకున్నోళ్ల పేరు చెప్పమ్మా, రాసుకుంట."

ఈసారి సఫియా తల ఎత్తి, కూతురి ముఖంలోకి చూస్తూ చెప్పింది.

"ఫిర్దౌస్. పీరా బిడ్డ. ఆఖరు దాక వదల్లేదని కూడ రాయుండ్రి సారూ."